సాయంత్రం నాలుగుదాకా ఉండనివ్వండి: తిరుపతి హోమ్‌స్టే యజమానులకు బహిరంగ లేఖ

తిరుపతిలో ఫ్లాట్లు, ఇళ్లు రోజువారీ అద్దెకు ఇస్తున్న యజమానులకు నమస్కారం.

మీ ఇళ్లలో దుప్పట్లు మార్చేవాళ్లం, తాళాలు అందించేవాళ్లం, ఫోన్లో బుకింగులు చూసుకునేవాళ్లం కలిసి రాస్తున్న ఉత్తరం ఇది. మాట్లాడాల్సింది చెకౌట్ వేళ గురించి. ఊళ్లో ఏ హోమ్‌స్టే ప్రకటన చూసినా "మధ్యాహ్నం 2కి చెకిన్, ఉదయం 11కి చెకౌట్" అనే ఉంటోంది. గోవాలో సెలవులు గడిపేవాళ్లకు ఆ వేళలు సరిపోతాయేమో. ఆలస్యంగా లేచి, తీరిగ్గా టిఫిన్ తిని బయల్దేరతారు. తిరుపతికి అలా ఎవరొస్తారు?

బళ్ల వేళలు చూడండి. లింగంపల్లి నుంచి వచ్చే నారాయణాద్రి, సికింద్రాబాద్ నుంచి పద్మావతి, కాచిగూడ నుంచి వెంకటాద్రి, ఇవన్నీ రాత్రంతా నడిచి పొద్దున్నే దించే బళ్లు. విశాఖ నుంచి వచ్చే తిరుమల ఎక్స్‌ప్రెస్ ఇంకా ముందే, చీకటి ఉండగానే చేరుతుంది. తిరుగు ప్రయాణంలో పద్మావతి, నారాయణాద్రి సాయంత్రం పూట బయల్దేరతాయి. 2023 ఏప్రిల్లో మొదలైన సికింద్రాబాద్ వందే భారత్ మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో వచ్చి, మూడుంబావు ప్రాంతంలో వెనక్కి మళ్లుతుంది. అంటే హైదరాబాద్ నుంచి వచ్చిన కుటుంబం పొద్దున ఆరున్నరకల్లా మీ గేటు ముందుంటుంది. మర్నాడు సాయంత్రం నాలుగింటి వరకు వాళ్లకు ఊళ్లో ఒక నీడ కావాలి. మీరిచ్చేది మధ్యలోని 21 గంటలు. అటు ఏడున్నర గంటలు, ఇటు ఐదు గంటలు స్టేషన్ వెయిటింగ్ హాల్లోనో, గోవిందరాజస్వామి గుడి దగ్గర అరుగుల మీదో గడపాలి. పిల్లలు, పెద్దవాళ్లు, అప్పుడే గుండు చేయించుకున్న తలలు, మే నెల ఎండ. ఆ ఐదు గంటల కోపమే తర్వాత మీ పేజీలో రెండు చుక్కల రేటింగుగా కనబడుతుంది.

ఇక దర్శనం. 300 రూపాయల టికెట్ ఉన్నవాళ్లకు స్లాటు నెలల ముందే తెలుసు. ఉదయం 10 గంటల స్లాటు అనుకుందాం. అలిపిరి తనిఖీ వరుస, బస్సులో కనుమ దారి ముప్పావుగంట, పైన సెల్‌ఫోన్లు, సామాన్లు అప్పగించే వరుస, ఇవన్నీ లెక్కేస్తే ఇల్లు వదలాల్సింది 7కే. దర్శనం అయి, లడ్డూలు తీసుకుని, కిందికి దిగేసరికి మూడో నాలుగో అవుతుంది. ఆ కుటుంబానికి మీ 11 గంటల చెకౌట్ కాగితం మీదే 11, నిజానికి పొద్దున 7. సర్వదర్శనం టోకెన్ కోసం శ్రీనివాసం, విష్ణునివాసం, భూదేవి కాంప్లెక్సుల దగ్గర నిలబడేవాళ్లకైతే టోకెన్ చేతికొచ్చాకే వేళ తెలుస్తుంది. టోకెన్ కూడా లేకుండా వెళ్లేవాళ్లకు రద్దీ రోజుల్లో 20 గంటలు దాటడం వింతేం కాదు.

అన్నిటికంటే పెద్ద చిక్కు, క్యూలో ఉన్న మనిషి దగ్గర ఫోను ఉండదు. గుళ్లోకి సెల్‌ఫోన్ అనుమతి లేదు. పది యాభైకి "సార్, ఖాళీ చేస్తున్నారా?" అని మీరు చేసే ఫోను కౌంటర్లోని సంచిలో మోగుతూ ఉంటుంది. అందుకే ఈ ఊళ్లో చెకౌట్ సంగతి ఆ రోజు పొద్దున తేల్చుకునేది కాదు, ముందురోజు రాత్రే తేలిపోవాలి. ఈ లేఖలో మిగతాదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

"అయితే లాడ్జీల్లా 24 గంటల చెకౌట్ పెట్టేద్దాం" అని మీలో కొందరంటున్నారు. వచ్చినవాళ్లూ అదే అడుగుతారు. కొండ మీద దేవస్థానం గది 24 గంటల లెక్క, ఊళ్లో లాడ్జీ బోర్డు మీదా అదే రాసి ఉంటుంది, రైల్వే రిటైరింగ్ రూములు 12 గంటలకూ ఇస్తారు, 24 గంటలకూ ఇస్తారు. కానీ 40 గదుల లాడ్జీలో ఒకరు ఆలస్యం చేస్తే కొత్తవాళ్లను పక్క గదిలోకి పంపుతారు. మీ ఇంటికి పక్క గది లేదు, ఉన్నది ఒకే యూనిట్. పైగా బుకింగ్ యాప్‌లు రాత్రుల్ని లెక్కపెడతాయి, గంటల్ని కాదు. పొద్దున 6కి దిగిన వాళ్లకు మర్నాడు 6 వరకు అని మాటిచ్చి, మర్నాడు 6కి దిగే ఇంకొకరికీ అదే మాటిస్తే, శుభ్రం చేసే వేళే ఉండదు. రెండు మూడు రోజుల్లో ఆ పని అర్ధరాత్రి మీద పడుతుంది. ఒక్క ఫ్లాటుకు 24 గంటల చెకౌట్ పనికిరాదు.

పనికొచ్చేది వేరే ఉంది. ముందుగా వచ్చేవాళ్లకు ఇచ్చే గంటలు, ఆలస్యంగా వెళ్లేవాళ్లకు ఇచ్చే గంటలు ఒకటే అనుకుంటున్నారు మీరు. రెంటికీ ఖరీదు వేరు. పొద్దున ఆరింటికి ఇల్లు చేతికివ్వాలంటే ముందు రాత్రి దాన్ని ఖాళీగా ఉంచాలి, అంటే ఒక రాత్రి అద్దె వదులుకోవాలి. సాయంత్రం నాలుగు వరకు ఉండనివ్వడానికి ఏ రాత్రీ పోదు. పోయేది మధ్యాహ్నం రెండుకు వచ్చేవాళ్లు దొరికే అవకాశం మాత్రమే. ఆ రాత్రికి వేరేవాళ్లు వస్తారు: ఆఫీసు ముగించుకుని కారులో బయల్దేరే చెన్నైవాళ్లు మూడు గంటలకు పైగా ప్రయాణం చేసి, బెంగళూరువాళ్లు ఐదు గంటలకు పైగా ప్రయాణం చేసి, రాత్రి ఎనిమిది తర్వాతే మీ గేటు దగ్గర హారన్ కొడతారు. రైలు వాళ్లను నాలుగింటికి పంపి, కారు వాళ్లను ఏడు దాటాక దించుకుంటే ఒకే ఇంట్లో ఇద్దరికీ సరిపోతుంది. అదే కారు వాళ్లకు మధ్యాహ్నం 2 గంటల చెకిన్ పెట్టి, ఇల్లు ఆరు గంటలు ఊరికే ఖాళీగా ఉంచడంలో అర్థం లేదు.

నాలుగు, ఏడు అని ఎందుకంటున్నామో నిమిషాల్లో చెప్తాం, ఎందుకంటే శుభ్రం చేయడం అంటే అరగంట పని అని చాలామంది యజమానులు నమ్ముతారు. రెండు పడకగదుల ఫ్లాటు, రెండు డబుల్ మంచాలు, కింద వేసే పరుపులు రెండు. ఒక్కో పడక విప్పి కొత్త దుప్పటి, గలీబులు వేయడానికి 8 నిమిషాలు, మొత్తం 32. బాత్రూమ్ ఒక్కోటి 25, రెండూ కలిసి 50. వంటగది, గిన్నెలు, స్టవ్ 25. ఊడ్చి రెండుసార్లు తుడవడానికి 40. అద్దాలు, దుమ్ము, బాల్కనీ 20. చెత్త, ఫ్రిజ్ 10. సబ్బులు, నీళ్ల క్యాను, బల్బులు, రిమోట్లు, గ్యాసు చూసుకోవడం 15. మాసిన బట్టలు మూటకట్టి కిందికి దించడం 10. మొత్తం 202 నిమిషాలు. ఇద్దరు పంచుకుంటే గంటా నలభై. నేల, బాత్రూమ్ ఆరడానికి ఇంకో ఇరవై. అదీ మామూలు ఊళ్లో.

తిరుపతిలో దీనికి ఇంకో అరగంట కలపాలి, కారణం గుండ్లు. కల్యాణకట్ట నుంచి చొక్కా కాలర్లో, చెవుల వెనక, టవల్లో అతుక్కుని వచ్చిన తుంపు వెంట్రుకలు బాత్రూమ్ జాలీ దగ్గర పేరుకుంటాయి. నీళ్లు పోసి నెడితే లోపలికి పోయి, రెండు మూడు కుటుంబాల తర్వాత నీళ్లు నిలుస్తాయి. అప్పుడు యాసిడ్ పోస్తారు. యాసిడ్ టైల్సును తింటుంది, వెంట్రుకల్ని కరిగించదు. జాలీ తీసి, పొడిగా ఉండగానే చేత్తో ఏరి, కిందనున్న కప్పును కడగడమే మార్గం. జాలీ మీద సన్నని స్టీలు వల ఒకటి వేసి ఉంచితే ఈ పనిలో సగం తప్పుతుంది. గుండుకు రాసిన గంధం, నుదుటి పసుపు కుంకుమ గలీబులకు అంటుతాయి. పసుపు మరకకు సబ్బు తగలగానే ఎర్రగా మారుతుంది, చూసి కంగారుపడి బ్లీచింగ్ వేసి గుడ్డను పాడుచేస్తారు. బాగా జాడించి ఎండలో ఆరేస్తే పసుపు దానంతటదే వెలిసిపోతుంది. గదికి రెండు ముదురు రంగు టవళ్లు పెట్టి "తలకు ఇవి వాడండి" అని చీటీ అంటించండి, తెల్లవాటికి పట్టే చాకిరీ తగ్గుతుంది. లడ్డూ సంచి షెల్ఫులో పెట్టి మర్చిపోతే గంటలో చీమల బారు కడుతుంది. మూత ఉన్న స్టీలు డబ్బా ఒకటి వంటగదిలో పెట్టండి. డబ్బా ఖర్చు చీమల మందు ఖర్చు కంటే తక్కువ.

కాబట్టి ఇద్దరు పనివాళ్లతో రెండున్నర గంటలు. నాలుగుకు ఖాళీ అయితే ఆరున్నరకు ఇల్లు సిద్ధం, ఏడుకు చెకిన్. ఈశాన్య రుతుపవనాల్లో, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు, నేల ఆరదు, ఇంకో అరగంట వేసుకోండి. ఆ నెలల్లో దుప్పట్లూ ఆరవు. పడకకు మూడు జతలు ఉండాలన్నది మామూలు లెక్క, ఒకటి మంచం మీద, ఒకటి లాండ్రీలో, ఒకటి బీరువాలో. వానాకాలంలో నాలుగు కావాలి. రెండే జతలు పెట్టుకుని ఆలస్యపు చెకౌట్ ఇస్తే, ఉతికి ఆరేసేదాకా కొత్తవాళ్లను గుమ్మంలో నిలబెట్టాలి.

మరి అందరికీ నాలుగు వరకు ఇచ్చేయాలా? అక్కర్లేదు. మామూలు వేళ 11గానే ఉంచండి. దానికి అటొకటి, ఇటొకటి రెండు మెట్లు పెట్టండి. ఒక మెట్టు సాయంత్రం 4. ఇంకోటి, మీలో ఎవరూ పెట్టనిది, పొద్దున 7. పది గంటల స్లాటు ఉన్న కుటుంబం ఎలాగూ ఏడుకు ఇల్లు వదులుతుంది కదా, సామాన్లు లోపల పెట్టి తాళం వేసుకుని వెళ్లేబదులు మనకు అప్పగించి వెళ్తే అద్దెలో పదో వంతు తగ్గించండి, సామాను భద్రంగా ఉంచండి, తిరిగొచ్చాక స్నానానికి చోటివ్వండి. ఏడుకు చేతికొచ్చిన ఇల్లు తొమ్మిదిన్నరకు సిద్ధం. నారాయణాద్రి దిగి కాఫీ తాగుతున్న వాళ్లకు పదికి తాళం ఇవ్వొచ్చు. వాళ్ల దగ్గర ముందు చెకిన్ రుసుము తీసుకోండి, సంతోషంగా ఇస్తారు. ఈ పద్ధతిలో ముందు రాత్రి ఖాళీగా ఉంచకుండానే పొద్దున ఇల్లు దొరుకుతుంది.

రుసుము గంటల లెక్కన పెట్టకండి. గంటకు 200 అంటే, మూడు ఇరవైకి కొండ దిగిన మనిషి "మూడుకే వచ్చాం, కింద లిఫ్ట్ దగ్గర ఆగాం" అని వాదిస్తాడు, వాదించేది మీతో కాదు, తాళం తీసుకోవడానికి వెళ్లిన మాతో. మెట్టుకు ఒక ధర చాలు. మధ్యాహ్నం 1 వరకు, ఆ రోజు సాయంత్రం 5లోపు ఎవరూ రాకపోతే ఉచితం. 4 వరకు, అద్దెలో మూడో వంతు. నాలుగు దాటితే పూర్తి రాత్రి. 3,000 అద్దె ఇంటికి మూడో వంతంటే 1,000. మీకయ్యే ఖర్చెంతో చూడండి: ఒకటిన్నర టన్ను ఏసీలు రెండు, ఒక్కోటి గంటకు యూనిటుంబావు తిన్నా ఐదు గంటలకు పన్నెండున్నర యూనిట్లు. యూనిట్ పది రూపాయలనుకున్నా 125. నీళ్లు, గీజరు కలిపినా 200 దాటదు. వారం మధ్యలో ఎవరూ రాని రోజైతే 500 తీసుకున్నా లాభమే. అందుకే ఖాళీ మంగళవారం నాడు మూడో వంతు కోసం పట్టుబట్టకండి.

ఆ వెయ్యిలోంచి 200 శుభ్రం చేసే ఇద్దరికీ చెరో వంద చొప్పున వెళ్లాలి. ఇది దయతో ఇమ్మని అడగడం లేదు. ఒక జట్టు రోజుకు మూడు ఇళ్లు చూస్తుంది, 11కి ఒకటి, ఒంటిగంటన్నరకు రెండోది, నాలుగుకు మూడోది. మీరు పదిన్నరకు ఫోన్లో "పర్లేదు సార్, ఉండండి" అనగానే 11కి వచ్చినవాళ్లు మెట్ల మీద కూర్చుంటారు. రెండో ఇల్లు ఇంకా ఖాళీ కాలేదు కాబట్టి అక్కడికీ పోలేరు. మూడు ఇళ్లూ వెనక్కి జరిగి, మూడో ఇంటి యజమాని సాయంత్రం రేటింగు పోగొట్టుకుంటాడు, ఆయనకు కారణం కూడా తెలియదు. రాత్రే తెలిస్తే వరుస మార్చుకుంటాం, ఎవరికీ నష్టం లేదు. సాయంత్రం నాలుగుకు మొదలైన పని ఆరున్నరకు ముగుస్తుంది. దూరం నుంచి వచ్చే ఆడవాళ్లకు ఆటో ఖర్చు ఇవ్వండి. 4 బదులు 5, 6 అని పెంచవద్దని మేం చెప్పడానికి ఇదీ ఒక కారణం.

పూర్తిగా ఇల్లు ఇవ్వడం కుదరని రోజున సగం ఖాళీ పద్ధతి ఉంది. వచ్చినవాళ్లు ఒప్పుకుంటే సామాన్లు హాల్లోకి తెచ్చుకుంటారు. పదకొండుకు మేం వెళ్లి రెండు పడకగదులు, ఒక బాత్రూమ్ పూర్తిచేసి తాళం వేస్తాం. వాళ్లు హాలు, రెండో బాత్రూమ్ వాడుకుంటూ రెండు వరకు ఉంటారు. వాళ్లు వెళ్లాక మిగిలిన పని గంటలోపే, కాబట్టి మూడుకు కొత్తవాళ్లు రావొచ్చు. దీనికి రెండు షరతులు. వాళ్ల సామాన్లను మేం కదపం, వాళ్లే తెచ్చుకోవాలి, లేకపోతే పోయిన గొలుసుకు మేం జవాబుదారీ అవుతాం. రెండోది, హాల్లో ఫ్యాను కాదు, ఏసీ ఉండాలి. మే నెలలో ఫ్యాను కింద ఆరుగుర్ని కూర్చోబెట్టి దాన్ని ఆలస్యపు చెకౌట్ అనకూడదు.

సామాను గది గురించి. అపార్ట్‌మెంటులో నాలుగైదు ఫ్లాట్లు అద్దెకిచ్చే యజమానులు కలిసి అసోసియేషన్ అనుమతితో కింద ఒక చిన్న గది తీసుకుంటే, ఐదు ఇళ్లకు చెరి ఐదు గంటలు పొడిగించినంత పని చేస్తుంది. ఇనుప ర్యాకులు, నంబర్ల టోకెన్లు జతలుగా (ఒకటి సంచికి, ఒకటి చేతికి), తలుపుకు ఎదురుగా ఒక కెమెరా, సంచులు పెట్టేటప్పుడు ఒక ఫోటో. నగలు, నగదు, మందులు తీసుకోం అని తెలుగు, తమిళం, కన్నడం, హిందీల్లో రాసి పెట్టండి. మెట్ల దగ్గర, లిఫ్ట్ ముందు సామాన్లు పెట్టనివ్వకండి, అది మంటలొస్తే బయటికెళ్లే దారి. నడిచి కొండెక్కేవాళ్లకు అలిపిరి దగ్గర దేవస్థానమే సామాను తీసుకుని పైకి చేరుస్తుందన్న సంగతి చాలామందికి తెలియదు, మీరు చెప్తే మీ ర్యాకులో చోటు మిగులుతుంది.

పక్కన ఒక బాత్రూమ్ కూడా ఉంటే ఇంకా మంచిది. అయితే గీజరు లెక్క తెలుసుకుని మాటివ్వండి. 25 లీటర్ల గీజరు, 2 కిలోవాట్ల కాయిలు, 25 డిగ్రీల నీళ్లు 60కి రావడానికి అరగంట. దానికి చన్నీళ్లు కలిపితే స్నానానికి సరిపడే మూడు బకెట్లు వస్తాయి. ఆరుగురి కుటుంబానికి గంట. రెండు కుటుంబాలు ఒకేసారి దిగితే రెండో కుటుంబం చన్నీళ్లతోనే గోవిందా. ఇళ్లలో 11 లోపల ఖాళీ చేయలేకపోవడానికి సగం కారణం ఇదే, బద్ధకం కాదు. ఒకే బాత్రూమ్ ఉన్న ఇంటికి ఆరుగుర్ని తీసుకుని, తొమ్మిదికి లేచినవాళ్లను పదకొండుకు వెళ్లమంటే గీజరు ఒప్పుకోదు.

ఇప్పుడు అసలు తప్పు జరిగే చోటికి వద్దాం: క్యాలెండరు. మీరు నాలుగు వరకు ఉండమన్నారు, యాప్‌కు ఆ సంగతి తెలియదు. మధ్యాహ్నం పన్నెండుకు ఎవరో అదే రోజుకు బుక్ చేస్తారు, వాళ్లకు 2కి చెకిన్ అని వెళ్తుంది. ఆలస్యపు చెకౌట్ ఒప్పుకున్న మరుక్షణం చేయాల్సింది, ఆ రోజు చెకిన్ వేళను 7కి మార్చడం. యాప్‌లో ఒక్క రోజుకు మార్చే వీలు లేకపోతే ఆ రోజుకు అప్పటికప్పుడు చేసే బుకింగ్‌ను మూసి, ఫోన్లో వచ్చేవాళ్లకు మాత్రం ఇవ్వండి. రెండు మూడు యాప్‌లలో ఇల్లు పెట్టినవాళ్లు ప్రతి దానిలోనూ చేత్తో మార్చాలి. క్యాలెండరు లింకు ద్వారా ఒకదానిలో మూసింది ఇంకోదానికి చేరడానికి కొన్ని గంటలు పడుతుంది, ఆ కొన్ని గంటల్లోనే డబుల్ బుకింగులు పుడతాయి. ఇంకోటి, పొడిగింపు మాట యాప్ మెసేజిలోనే రాయండి, డబ్బూ యాప్ ద్వారానే అడగండి. ఫోన్లో మాట్లాడుకుని విడిగా పంపించుకుంటే, రేపు గొడవైతే చూపించడానికి ఏమీ ఉండదు. ఆ రుసుము గది అద్దెలో భాగమే, ఒకే బిల్లులో చూపించండి. వెనకటి బిల్లు పుస్తకాలు తిప్పేవాళ్లకు ఒక గుర్తు: 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులకు జీఎస్టీ 5 శాతం, 12 కాదు.

నంబరు తాళం ఉన్న ఇళ్లలో ఇంకో ముప్పు. కోడు 11కి చచ్చిపోయేలా పెట్టి ఉంటారు. పొడిగించినట్టు అతిథికి చెప్తారు, తాళానికి చెప్పడం మర్చిపోతారు. కొండ దిగి వచ్చిన కుటుంబానికి సామాను లోపల, మనుషులు బయట. కోడు గడువును చెకౌట్ వేళకు అరగంట తర్వాత వరకు పెట్టండి, పొడిగింపు ఒప్పుకున్నప్పుడే మార్చండి. బ్యాటరీలు బలహీనమైనప్పుడు పక్షవాతం వచ్చినట్టు తాళం మొరాయిస్తుంది, మామూలు తాళంచెవి ఒకటి వాచ్‌మన్ దగ్గర కవరులో సీలు వేసి ఉంచండి.

బుకింగ్ వచ్చిన రోజే మూడు సంగతులు అడగండి: ఏ బండికి వస్తున్నారు లేదా కారులో ఎన్నింటికి బయల్దేరతారు, దర్శనం టికెట్ ఏ స్లాటు, తిరుగు బండి ఏది. సర్వదర్శనం వాళ్లను టోకెన్ తీసుకున్నాక ఫోటో పంపమనండి. ఈ మూడు జవాబులుంటే చెకౌట్ వేళ మీరు ఊహించుకోనక్కర్లేదు, అదే తేలుతుంది. వెళ్లే ముందురోజు రాత్రి 8కి ఖరారు. ఎనిమిది ఎందుకంటే, అప్పటికి మర్నాటి బుకింగులు చాలావరకు పడిపోయి ఉంటాయి, మాకు ఇళ్ల వరుస వేసుకునే వేళ ఉంటుంది, అతిథి ఇంకా కొండెక్కలేదు, ఫోను చేతిలో ఉంటుంది. పంపాల్సిన మాట ఇంతే:

"నమస్కారమండి. రేపు మీ స్లాటు 10కి, బండి సాయంత్రం అని చెప్పారు. మూడు విధాలుగా కుదురుతుంది. పొద్దున 7కి ఇల్లు అప్పగిస్తే 300 తగ్గింపు, సామాను మా దగ్గర, తిరిగొచ్చాక స్నానానికి బాత్రూమ్. 11కి అయితే మామూలే. సాయంత్రం 4 వరకు అయితే 1,000 అదనం. మీరు నమోదు చేసిన 6 మందికే వర్తిస్తుంది. రాత్రి 8లోపు చెప్పండి. చెప్పకపోతే 11 అనుకుంటాం."

ఆరుగురికే అని రాయడం మొహమాటమనిపించొచ్చు. రాయకపోతే పక్క లాడ్జీలో దిగిన పిన్ని కుటుంబం కూడా స్నానాలకు వస్తుంది, ట్యాంకు అడుగంటుతుంది, ఎండాకాలంలో ట్యాంకరు ఎవరి ఖర్చు అన్నది అసోసియేషన్ మీటింగుకు ఎక్కుతుంది.

అన్ని రోజులూ ఇవ్వలేరు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ ముందు వెనకలు, వైకుంఠ ద్వార దర్శనం పది రోజులు, రథసప్తమి, తమిళుల పెరటాసి నెల శనివారాలు, వరస సెలవులు. ఈ రోజుల్లో ఇల్లు ఖాళీ అయిన గంటకే వేరొకరు గేటు దగ్గర ఉంటారు. "ఈ తేదీల్లో 11 మాత్రమే" అని బుకింగ్ పేజీలోనే రాయండి. వచ్చాక చెప్తే మోసంగా అనిపిస్తుంది, ముందే చెప్తే సర్దుకుంటారు. ఆ రోజుల్లో సామాను గది ఉంటే చాలు.

చివరగా మా తరఫున మూడు విన్నపాలు. ఆలస్యపు రుసుము వసూలు పని శుభ్రం చేసేవాళ్లకు అప్పగించకండి, చీపురు పట్టుకున్న మనిషి డబ్బడిగితే ఎవరూ గౌరవించరు. ఖాళీ చేయలేదని డిపాజిట్టు పట్టి ఉంచడం, అసలు ఆధార్ కార్డు దాచుకోవడం మానండి, నకలు చాలు. విదేశీయులు దిగితే 24 గంటల్లో ప్రభుత్వానికి పంపాల్సిన ఫారం మీద రాసిన వెళ్లే తేదీకి, మీరిచ్చిన పొడిగింపుకు తేడా రాకుండా చూసుకోండి.

వచ్చే బ్రహ్మోత్సవాల బుకింగులు మొదలయ్యేలోపు మీ పేజీలో చెకౌట్ అన్న చోట ఈ వాక్యం మార్చండి: "ఉదయం 11. వీలున్న రోజుల్లో ఉదయం 7కి తగ్గింపుతో, సాయంత్రం 4 వరకు అదనపు రుసుముతో. ముందురోజు రాత్రి 8కి ఖరారు." మార్చిన ఇళ్ల జాబితా మాకు పంపండి. వచ్చే నెల నుంచి జట్ల వరుస దాన్నిబట్టే వేస్తాం.

ఇట్లు,
మీ ఇళ్లను సిద్ధం చేసేవాళ్లం, తాళాలు అందించేవాళ్లం, బుకింగులు చూసేవాళ్లం
తిరుపతి